గజ్నీ నుండి మక్కాకు దూరం లెక్కగట్టిన అల్ బీరూనీ

మొన్న మా లాలాపేటలో బంధువుల ఇంటి నుండి ఒక పెద్దావిడ ఉమ్రాకు బయలుదేరారు. ఇల్లంతా చుట్టాలతో నిండిపోయింది. మెడలో గులాబీ దండలు, కళ్లలో నీళ్లు, ఫలానా వారి కోసం దుఆ చేయమని చెవిలో చెప్పే మాటలు. ఒకరిద్దరు ఆమె చేతికి ఇమామ్ జామిన్ కూడా కట్టారు. బయలుదేరే వేళ వాదన ఎందుకని మేము చూసీ చూడనట్టు ఊరుకున్నాం. అంతలో ఏడో తరగతి చదివే ఆమె మనవడి చేతికి విమానం టికెట్టు దొరికింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి, ఏడు గంటలకు జిద్దాలో దిగుతుందని అందులో ఉంది. ఇంకేముంది, నానీ మూడు గంటల్లో అరబ్బు దేశం చేరిపోతుందని వాడు ఇల్లంతా చాటాడు. విజయవాడ బస్సుకే ఇంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది కదా అని ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు.

మర్నాడు ఉదయం ఏడు గంటల నుండి ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి తొమ్మిదిన్నర దాటాక గానీ నానీ గొంతు వినబడలేదు. అప్పటిదాకా ఇంట్లో అందరి ప్రాణాలూ గుప్పిట్లోనే. సాయంత్రం వాడు మా దగ్గరికి వచ్చి, టికెట్టు అబద్ధం చెప్పిందా, నడుమ రెండున్నర గంటలు ఎక్కడ పోయాయి అని నిలదీశాడు.

ఎక్కడికీ పోలేదు. టికెట్టు మీద బయలుదేరే సమయం మన గడియారం ప్రకారం, చేరే సమయం అక్కడి గడియారం ప్రకారం ఉంటుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. హైదరాబాద్ నుండి జిద్దాకు నేరుగా గీత గీస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా వెళ్లే విమానానికి అయిదున్నర నుండి ఆరు గంటలు పడుతుంది. మా తాతల కాలంలో బొంబాయి దాకా రైల్లో వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి వారానికి పైగా సముద్రం మీద గడిపేవారు. ఆ ఓడ ప్రయాణం 1995లో ఆగిపోయింది.

అంతటితో వాడు వదిలితే బాగుండేది. వాళ్ల గడియారం వెనక నడవడానికి కారణం ఏమిటని మళ్లీ అడిగాడు. కారణం సూర్యుడు. హైదరాబాద్ రేఖాంశానికీ మక్కా రేఖాంశానికీ మధ్య 38 డిగ్రీలకు పైగా తేడా ఉంది. ఒక్కొక్క డిగ్రీ దాటడానికి సూర్యుడికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే మన నెత్తి మీదికి వచ్చిన పొద్దు మక్కా వారి నెత్తి మీదికి చేరడానికి సుమారు 2 గంటల 35 నిమిషాలు కావాలి. మనం జుహర్ నమాజు చదువుకుని భోజనం కూడా ముగించాక వారికి జుహర్ వేళ అవుతుంది. కనుక రెండు ఊళ్ల వేళల్లో ఎంత తేడా ఉందో కచ్చితంగా తెలిస్తే, ఆ ఊళ్లు తూర్పు పడమరలుగా ఎంత దూరంలో ఉన్నాయో ఇంట్లో కూర్చుని చెప్పవచ్చు. ఇది చెబుతుంటే మా మనసు వెయ్యేళ్ల వెనక్కి, అల్లామా అబూరైహాన్ అల్ బీరూనీ (రహ్మలై) దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన రాసిన మహాగ్రంథం అచ్చయింది కూడా ఎక్కడో దూరదేశంలో కాదు, మన హైదరాబాద్‌లోనే. దాన్ని అచ్చువేసిన సంస్థ మా ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, తార్నాక దాటితే ఉంటుంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

బీరూనీ అసలు పేరు ముహమ్మద్ బిన్ అహ్మద్. అబూరైహాన్ అనేది కునియత్. హిజ్రీ 362 జిల్‌హిజ్జా 3న, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరు 4న, ఖ్వారజ్మ్ రాజ్యానికి రాజధాని అయిన కాస్ పట్టణం వెలుపల పుట్టారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. విదేశాన్ని ఉర్దూలో బైరూనీ ముల్క్ అంటాం కదా, ఆ మాటే ఇది. బీరూన్ అంటే ఊరి బయట. బయటివాడు అని పేరు పడిన ఆ మనిషికి జీవితమంతా ఒక చోట నిలకడగా ఉండే భాగ్యం దొరకలేదు.

తల్లిదండ్రుల గురించి పుస్తకాల్లో చెప్పుకోదగ్గ వివరం లేదు. చేరదీసి చదువు చెప్పిన గురువు మాత్రం అబూనస్ర్ మన్సూర్ బిన్ ఇరాఖ్. ఆయన రాజవంశంలో పుట్టినవాడు, గణితంలో దిట్ట. ఆ గురువు నీడలో పెరిగిన బీరూనీ పదిహేడేళ్ల వయసులోనే, అర డిగ్రీ అర డిగ్రీగా గీతలు గీసిన ఒక వలయంతో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు కొలిచి, కాస్ పట్టణం అక్షాంశం లెక్కగట్టారు. ఇరవై రెండేళ్లకు పదిహేను మూరల వెడల్పున్న పెద్ద వలయం సిద్ధం చేసుకున్నారు. పని ఇంకా మొదట్లోనే ఉంది. ఇంతలో 995లో గుర్గాంజ్ పాలకుడు కాస్‌పై దండెత్తి గురువుగారి వంశాన్ని కూలదోశాడు. కుర్రవాడు వలయం వదిలి ప్రాణం దక్కించుకుని పారిపోవాల్సి వచ్చింది. రయ్ నగరంలో పేదరికంలో గడిపారు. అక్కడ డబ్బున్న ఒక జ్యోతిష్కుడు ఆయన చిరుగు బట్టలు చూసి ఆయన లెక్కలను ఎగతాళి చేశాడట. తర్వాత స్థితి మెరుగుపడగానే అదే మనిషి స్నేహానికి వచ్చాడట. లోకం తీరు అప్పుడూ ఇదే.

రెండేళ్లలో ఆయన మళ్లీ కాస్ చేరారు. 997 మే 24న చంద్రగ్రహణం పట్టింది. ఆ రాత్రి జరిగినది మా పిల్లవాడి ప్రశ్నకు నేరుగా జవాబు.

సూర్యోదయం ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క వేళకు అవుతుంది. చంద్రగ్రహణం అలా కాదు. భూమి నీడ చంద్రుడి మీద పడటం అనేది ఆకాశంలో ఒకే క్షణంలో జరుగుతుంది. చంద్రుడు కనిపించే ప్రతి ఊరి వారూ దాన్ని ఆ క్షణంలోనే చూస్తారు. తేడా అంతా ఆ క్షణాన వారి వారి ఊళ్లలో రాత్రి ఎంత గడిచింది అనే దాంట్లోనే. ఈ కిటుకు గ్రీకు పండితులకూ తెలుసు. తెలియడం వేరు, చేసి చూపడం వేరు. బీరూనీ కాస్‌లోనూ, ప్రఖ్యాత గణిత పండితుడు అబుల్ వఫా బగ్దాద్‌లోనూ కూర్చుని అదే గ్రహణాన్ని చూసేట్టు ముందే ఏర్పాటు చేసుకున్నారు. ఒకరి వయసు ఇరవై మూడు, మరొకరిది యాభై ఆరు. ఇద్దరి మధ్య నేరుగా కొలిస్తేనే దాదాపు 1,700 కిలోమీటర్ల ఎడం, దారిలో ఎడారులు, కొండలు, యుద్ధాలు. ఎవరి ఊరి వేళను వారు రాసుకున్నారు. ఆ అంకెలు బిడారుల వెంట ఉత్తరంలో రావాలి. వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదాని నుండి మరొకటి తీసివేసి, రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా తేల్చారు. నేటి పటాల ప్రకారం ఆ తేడా పదహారు డిగ్రీల పైచిలుకు, అంటే గంటకు కాస్త ఎక్కువ. నేడు టికెట్టు మీద రెండు సమయాలు వేసి పంపడానికి ఎవరికీ ఏ శ్రమా లేదు. ఆనాడు ఆ ఒక్క గంట తేడా పట్టుకోవడానికి ఇద్దరు విద్వాంసులు మబ్బు పట్టకూడదని కోరుకుంటూ రాత్రంతా జాగారం చేయాల్సి వచ్చింది.

తర్వాత కొన్నేళ్లు కాస్పియన్ సముద్ర తీరాన జుర్జాన్‌లో ఖాబూస్ అనే అమీరు దగ్గర ఉన్నారు. ముప్పై ఏళ్లు నిండకముందే అల్ ఆసారుల్ బాఖియా అనే గ్రంథం రాశారు. యూదులు, క్రైస్తవులు, పార్సీలు, ముస్లిములు, ఇతర జాతులు నెలలూ సంవత్సరాలూ పండుగలూ ఎలా లెక్కిస్తారో అందులో వివరించారు. ఇబ్నె సీనాతో ఉత్తరాల్లో వాదన పెట్టుకున్నదీ కాస్త ముందో వెనకో ఆ రోజుల్లోనే. ఆ దగ్గరి మైదానంలో భూమి మీద ఒక డిగ్రీ పొడవు కొలవాలని ఆశపడ్డారు గానీ, ఖర్చు భరించేవాళ్లు లేక ఆ పని ఆగిపోయింది. 1004 నాటికి సొంత దేశానికి తిరిగి వచ్చి ఖ్వారజ్మ్ షా కొలువులో పెద్ద హోదా పొందారు. రాయబారాలు నడిపారు. అది కూడా నిలవలేదు. 1017లో తిరుగుబాటుదారులు ఆ షాను చంపారు. ఆ వంకతో గజ్నీ సుల్తాను మహమూద్ సైన్యంతో వచ్చి ఖ్వారజ్మ్‌ను స్వాధీనం చేసుకున్నాడు. విలువైన సొత్తుతో పాటు విద్వాంసులను కూడా గజ్నీకి తీసుకుపోయాడు. నలభై నాలుగేళ్ల బీరూనీ, ముసలి గురువు అబూనస్ర్ కూడా అలా వెళ్లినవారే.

ఈ ప్రయాణాల్లో ఒక్కటైనా ఆయన కోరి చేసింది కాదని పాఠకులు గమనించే ఉంటారు. పారిపోవడం, పిలిపించుకోవడం, బందీగా తరలించబడటం. అలాంటి మనిషి చేరిన ప్రతి చోటా మొదట చేసిన పని ఆ చోటు ఎక్కడుందో కొలవడం. 1018 అక్టోబరు 14న కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నారు. చేతిలో ఒక్క పరికరం లేదు, మనసు బాగాలేదు. తమ అప్పటి కష్టాలను నూహ్, లూత్ ప్రవక్తల (అలైహిముస్సలాం) కష్టాలతో పోల్చుకున్నారు. అయినా ఊరుకోలేదు. లెక్కలు వేసుకునే పలకను తిరగేసి దాని వెనక ఒక వంపు గీత గీశారు. దానికి డిగ్రీలు గుర్తులు పెట్టారు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం వంటిది వేలాడదీశారు. దాంతోనే సూర్యుడి ఎత్తు చూసి ఆ పల్లె అక్షాంశం రాసుకున్నారు. మా మదరసాలో జామెట్రీ బాక్సు పోయిందని లెక్క చేయకుండా వచ్చిన ప్రతి విద్యార్థికీ మేము ఈ కథ చెబుతాం. వారికి అది నచ్చదు.

గజ్నీలో ఆయన చేపట్టిన పని ఖిబ్లా. గజ్నీ నుండి కాబా ఏ దిక్కున ఉంది? చుట్టూ ఉన్నవారికి ఇది పెద్ద సమస్యగా తోచలేదు. పడమర తిరిగితే చాలదా అన్నారు కొందరు. నక్షత్రాల లెక్కలు దీనికెందుకు, అవి దీనుకు సంబంధించినవా అన్నారు మరికొందరు. నిజానికి దూర దేశాల వారికి ఖచ్చితమైన గీత కాకపోయినా కాబా వైపు ముఖం ఉంటే నమాజు చెల్లుతుందని మన హనఫీ ఫుఖహాలు స్పష్టంగా చెప్పారు. పాత మస్జిదు కాస్త పక్కకు ఉందని ఎవరూ గాబరా పడనక్కర లేదు. కానీ చెల్లుతుంది అన్నచోట ఆగిపోయే స్వభావం కాదు బీరూనీది. తెలుసుకోగల విషయాన్ని తెలుసుకోకుండా వదలడం ఆయనకు సరిపడేది కాదు.

దాని కోసం రాసిన పుస్తకం పేరు తహ్దీదు నిహాయాతిల్ అమాకిన్ లి తస్హీహి మసాఫాతిల్ మసాకిన్. జనావాసాల మధ్య దూరాలను సరిచేయడానికి స్థలాల హద్దులు నిర్ణయించడం అని అర్థం. మసాఫత్ అంటే దూరం అని ఉర్దూ ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మదరసా చదువులో మాకు ఆ మాట మొదట ఎదురైంది ప్రయాణికుడి నమాజు అధ్యాయంలో. మూడు రోజుల నడక దూరం వెళితే నమాజు కుదించుకోవాలి. మన దేశపు ఉలమా దాన్ని 48 మైళ్లుగా లెక్కగట్టారు. మాకు దూరం అంటే అంతే, రోజులూ మైళ్లూ. మధ్యలో కొండ వచ్చినా, దారి వంకర పోయినా ఆ లెక్కకు తేడా లేదు. బీరూనీ ముందున్న చిక్కు సరిగ్గా అదే. గజ్నీ, మక్కా నేరుగా ఎంత దూరం, ఏ దిక్కు అనేది ఆయనకు కావాలి. చేతిలో ఉన్నది మాత్రం బిడారు నడిపేవారు చెప్పిన ఫర్సఖ్‌ల లెక్క.

ఆయన ఏం చేశారంటే, గజ్నీ నుండి బగ్దాద్ దాకా ఊరి తర్వాత ఊరిని గొలుసులా కట్టారు. బగ్దాద్ నుండి రయ్, ఖ్వారజ్మ్, బల్ఖ్ మీదుగా ఒక గొలుసు. షీరాజ్, సీస్తాన్, బుస్త్ మీదుగా దక్షిణపు దారిన మరొకటి. ప్రతి రెండు ఊళ్ల నడుమ బిడారు దూరం తీసుకుని, దారి వంకరలకు తగ్గట్టు అందులో కొంత భాగం తీసివేశారు. ఊళ్ల అక్షాంశాలు సూర్యుడితో కొలిచినవి ఉన్నాయి. ఉత్తర దక్షిణాల తేడా, నేరు దూరం, ఈ రెండూ తెలిస్తే తూర్పు పడమరల తేడా గణితంతో వస్తుంది. అలా ఒక్కొక్క మెట్టూ ఎక్కి గజ్నీ చేరారు. ఒక దారిన వచ్చిన అంకెను మరో దారిన వచ్చిన అంకెతో పోల్చి చూశారు. చివరికి బగ్దాద్, గజ్నీల నడుమ ఆయన తేల్చిన తేడా 24 డిగ్రీల 20 నిమిషాలు. నేటి ఉపగ్రహాల కొలత 24 డిగ్రీలు. ఒంటెవాళ్ల మాటలు పట్టుకుని లెక్కవేసిన మనిషి తప్పింది డిగ్రీలో మూడో వంతు! 1025లో గజ్నీలో ఆ పుస్తకం ముగించారు. దాని రాతప్రతి ఒక్కటే ఇస్తాంబుల్‌లో మిగిలింది.

ఖిబ్లా సంగతి మా పిల్లవాడికి చూపించడానికి మదరసా పిల్లలు ఆడే ఫుట్‌బాల్ ఒకటి తెచ్చాం. దాని మీద సుద్దముక్కతో హైదరాబాద్, మక్కా గుర్తులు పెట్టి దారం బిగించి లాగాం. మక్కా మనకన్నా నాలుగు డిగ్రీలే ఉత్తరాన ఉంది. అయినా దారం మన ఊరి నుండి అంతకన్నా ఎక్కువగా ఉత్తరానికి ఒరిగి బయలుదేరుతుంది. నిజంగానే హైదరాబాద్ ఖిబ్లా సరాసరి పడమర కాదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి. గజ్నీకి అది తిరగబడుతుంది, పడమరకు 18 డిగ్రీలు దక్షిణంగా. విమానాలు కూడా వీలైనంత వరకు ఈ దారం దారినే పట్టుకుంటాయి, దేశాల సరిహద్దులు, ఆకాశ మార్గాల నియమాలు అడ్డు రానంత వరకు. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య బిగించిన దారమే అన్నిటికన్నా దగ్గరి దారి.

డిగ్రీలు తెలిసినంత మాత్రాన మైళ్లు తెలియవు. భూమి చుట్టుకొలత కూడా తెలియాలి. రెండు వందల ఏళ్ల ముందు ఖలీఫా మామూన్ పండితులు సింజార్ మైదానంలో ఉత్తరానికీ దక్షిణానికీ నడిచి కొలిచి, డిగ్రీకి 56 మైళ్లూ మూడింట రెండు వంతులు అని తేల్చారు. అవి అరబ్బు మైళ్లు, ఒక్కొక్కటి దాదాపు రెండు కిలోమీటర్లు. ఆ నడక లేకుండా కొలిచే ఉపాయం బీరూనీకి నందనా కోటలో దొరికింది. అది నేటి పాకిస్తాన్‌లోని పంజాబులో ఉప్పు కొండల్లో ఉంది. సుల్తాను దండు వెంట అక్కడ ఉన్న రోజుల్లో, చదునైన మైదానం అంచున లేచిన ఒక కొండ ఆయన కంటపడింది. ముందు దాని ఎత్తు కొలిచారు, 652 మూరలు, మన లెక్కలో 320 మీటర్లు. తర్వాత శిఖరం ఎక్కి, నేలా ఆకాశమూ కలిసే గీత కంటి మట్టానికి ఎంత కిందుగా ఉందో చూశారు. 34 నిమిషాల కోణం వచ్చింది. ఆ రెండు అంకెలతో భూమి వ్యాసార్ధం కట్టారు. నేటి కొలతకు అది ఎంతో దగ్గర.

ఇక్కడ మాదొక మాట. కొన్ని పుస్తకాల్లో, ముఖ్యంగా మనవాళ్లు రాసిన వాటిల్లో, బీరూనీ కొన్ని కిలోమీటర్ల తేడాతో భూమిని కొలిచేశాడని గొప్పగా ఉంటుంది. ఆయన మూర నేటి లెక్కలో ఎంతో కచ్చితంగా తేలదు. గాలిలో కాంతి వంగడం ఆయన లెక్కలోకి రాలేదు. కాబట్టి అందులో అదృష్టం పాలు కూడా ఉంది. అసలు ఆయనే తన అంకెను నెత్తిన పెట్టుకోలేదు. మామూన్ పండితుల కొలతకు తన ఫలితం దగ్గరగా వచ్చిందని సంతోషించి, వారి పరికరాలు మెరుగైనవని చెప్పి, వారి అంకెనే వాడారు. ఆయన ఘనత మాకు కనిపించేది ఇందులో. ఆయన వాడిన ఆ డిగ్రీ లెక్కతో హైదరాబాద్ నుండి మక్కాకు చూస్తే దాదాపు 2,070 అరబ్బు మైళ్లు వస్తుంది. నేటి లెక్క 4,070 కిలోమీటర్లు. రెండూ ఒకటే!

నందనాలో ఉన్నవారు లాహోర్, సియాల్‌కోట్, ముల్తాన్ వంటి చోట్ల అక్షాంశాలు కూడా కొలిచారు. దక్షిణాదికి రాలేదు. పండితుల దగ్గర శిష్యుడిలా కూర్చుని సంస్కృతం నేర్చుకున్నారు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి మార్చారు. 1030 ప్రాంతంలో పూర్తయిన కితాబుల్ హింద్‌లో హిందువుల నమ్మకాలు, గణితం, తూకాలు, నదులు, పండుగలు అన్నీ వారి గ్రంథాల ఆధారంగానే వివరించారు. ఒక అధ్యాయం నిండా కన్నోజ్ నుండి నలుదిక్కులా పోయే దారులు, వాటి మీది ఊళ్లు, ఫర్సఖ్‌ల లెక్క. సుల్తాను మహమూద్ దాడులు ఈ దేశపు సిరిని పాడుచేశాయని, అందువల్లే ఇక్కడి విద్యలు కాశ్మీర్, బనారస్ వంటి దూర ప్రాంతాలకు తరలిపోయాయని, హిందువుల మనసుల్లో ముస్లిముల పట్ల ద్వేషం నాటుకుందని కూడా దాచకుండా రాశారు. ఆ సుల్తాను రాజ్యంలో, ఆయన అన్నం తింటూ, ఆయన వంశం పాలిస్తుండగా రాసిన మాటలు ఇవి.

ఆ సుల్తాను కొలువులో జరిగినదని ఒక ఘటన చెబుతారు. దూరపు టర్కీ దేశాల నుండి వచ్చిన ఒక రాయబారి, సముద్రాలకు ఆవల ధ్రువం వైపు సూర్యుడు అస్తమించని చోటు ఉందని చెప్పాడు. రాత్రి లేకపోతే ఇషా ఎప్పుడు, ఫజ్ర్ ఎప్పుడు? ఇది మతభ్రష్టుల మాట అని మహమూద్ మండిపడ్డాడు. ఆ మనిషి ప్రాణం మీదికి వచ్చేదే. బీరూనీ నిలబడి, గుండ్రటి భూమి మీద ధ్రువాల దగ్గర అలా జరగక తప్పదని ఓపికగా వివరించారు. ఆ మనిషి తాను చూసింది చెప్పాడే గానీ మతం మాట ఏదీ ఎత్తలేదని కొలువులో మరొక పెద్ద కూడా అడ్డుపడ్డారు.

మరొకటి ఆయనే తన నీడల పుస్తకంలో రాసుకున్నారు. నమాజు వేళలు తెలిపే ఒక పరికరాన్ని ఒక మస్జిదు బాధ్యుడికి చూపించారు. దాని మీద రూమీల నెలల పేర్లు చెక్కి ఉన్నాయని, కాఫిర్లను పోలిన వస్తువు మస్జిదులోకి రానివ్వనని ఆ పెద్దమనిషి భీష్మించాడు. రూమీలు అన్నం కూడా తింటారు, బజారులో నడుస్తారు కూడా, అయితే ఆ రెండూ మానుకో అని బీరూనీ జవాబు చెప్పి వచ్చేశారు. నడివయసు దాటిన మేము, మదరసాల్లోనే పుట్టి పెరిగినవాళ్లం, ఈ కథ చదివినప్పుడు ముందు నవ్వుతాం, తర్వాత కాస్త సిగ్గుపడతాం. ముప్పై ఏళ్ల క్రితం ఒక మదరసాలో పిల్లలకు గ్లోబు కొనాలని మేము అడిగినప్పుడు వచ్చిన సమాధానం దీనికి ఎంతో దూరంలో లేదు.

1030లో మహమూద్ చనిపోయాడు. కొడుకు మస్ఊద్‌కు శాస్త్రాల మీద అభిరుచి ఉండేది. ఆయన పేరనే బీరూనీ ఖానూన్ అల్ మస్ఊదీ రాశారు. ఆకాశ శాస్త్రమంతా అందులో ఉంది. 600కు పైగా ఊళ్ల అక్షాంశ రేఖాంశాల పట్టిక ఉంది, ఒక్కొక్క ఊరికి రెండేసి అంకెలు. ఏ రెండు ఊళ్ల దూరం కావాలన్నా ఆ పట్టిక తెరిచి లెక్క వేసుకోవచ్చు. దానికి బహుమానంగా సుల్తాను ఏనుగు మోసేటంత వెండి పంపితే, తనకు అవసరం లేదని తిప్పి పంపేశారట.

ముందు చెబుతామన్న సంగతి ఇప్పుడు. ఆ ఖానూన్ అరబ్బీ మూలం మూడు సంపుటాలుగా 1954 నుండి 1956 వరకు అచ్చయింది మన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియాలో. 1888లో నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మౌలానా అన్వారుల్లా ఖాన్, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ పూనుకుని స్థాపించిన సంస్థ అది. నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఎక్కడెక్కడి గ్రంథాలయాల్లోనో పడి ఉన్న అరబ్బీ రాతప్రతులను పోల్చి చూసి, సరిదిద్ది అచ్చువేయడం దాని పని. బీరూనీ రత్నాల పుస్తకం కితాబుల్ జమాహిర్ 1936లో, నీడల పుస్తకం ఉన్న రసాయిల్ 1948లో, కితాబుల్ హింద్ 1958లో ఇక్కడే వెలువడ్డాయి. కైరోలోనో లండన్‌లోనో బీరూనీ మీద పరిశోధన చేసేవారు తమ పుస్తకాల చివర హైదరాబాద్ అని రాస్తారు. లాలాపేట నుండి తార్నాక మీదుగా ఆ ఆవరణ పక్కనుండి రోజూ వెళ్లే మన పిల్లలకు మాత్రం ఆ పేరు తెలియదు. తప్పు పిల్లలది కాదు. ఉర్దూలో సయ్యద్ హసన్ బరనీ బీరూనీ మీద మంచి పుస్తకం రాశారు. తెలుగులో మాలాంటివాళ్లు రాయవలసినంత రాయలేదు.

బీరూనీ చివరి దశ గజ్నీలోనే గడిచింది. 1036లో తన రచనల జాబితా రాస్తే 113 అయ్యాయి. ఆ తర్వాత కూడా కలం ఆగలేదు. చూపు మందగించి, వినికిడి తగ్గాక, మరొకరి సాయంతో మూలికల పుస్తకం కితాబుస్సైదనా మీద కూర్చున్నారు. మరణించింది 1048లో అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ మూలికల పుస్తకంలో తనకు ఎనభై దాటాయని ఆయనే రాశారు గనుక అది 1050 తర్వాతే అయి ఉండాలి.

ఆయన ఆఖరి ఘడియల గురించి ఒక ఫఖీహ్ చెప్పిన ఉదంతం యాఖూత్ గ్రంథంలో ఉంది. ఆయన పేరు అబుల్ హసన్ వల్వాలిజీ. చూడబోయేసరికి బీరూనీకి గొంతులో గురక మొదలైంది, ఛాతీ ఎగిసిపడుతోంది. ఆ స్థితిలో ఆయన, తల్లి వైపు అమ్మమ్మల వారసత్వపు వాటాల లెక్క ఒకటి ఆనాడు మీరు చెప్పారు, మళ్లీ ఒకసారి చెప్పండి అని అడిగారు. ఫరాయిజ్ బోధించేవారికి ఆ లెక్క ఎంత మెలికల లెక్కో తెలుసు. బాగున్న ఒంటితో కూర్చున్న విద్యార్థులే తప్పుతారు. ఫఖీహ్‌కు జాలి కలిగి, ఈ స్థితిలోనా అన్నారు. అది తెలియకుండా లోకం విడవడం కన్నా తెలిసి విడవడం మంచిది కాదా అన్నారు బీరూనీ. ఫఖీహ్ కూర్చుని మొత్తం చెప్పారు. బీరూనీ విని, కంఠస్థం చేసి, తిరిగి అప్పజెప్పారు. తనకు మాట ఇచ్చినట్టే ఒక విషయం ఆయన కూడా ఫఖీహ్‌కు నేర్పారు. సెలవు తీసుకుని ఫఖీహ్ ఇంకా వీధిలోనే నడుస్తుండగా, వెనక ఆ ఇంట్లో నుండి ఏడుపులు వినిపించాయి.